పుడింగ్ ఎవరికిష్టం

అక్టోబరు 4

చిన్నీ,

ఫోన్ పక్కన పెట్టి కాగితం తీశాను. ఆదివారాలు మనం ఫోన్లో ఏం మాట్లాడుకుంటున్నామో నువ్వూ గమనించే ఉంటావు. "తిన్నావా" అంటాను. "తిన్నానక్కా, మీరు?" అంటావు. ఆ తర్వాత ఇద్దరం అవతలివాళ్ళ ఫ్యాను చప్పుడు వింటూ కూర్చుంటాం. కాగితం మీదైతే మాట తోచనప్పుడు కలం ఆపుకోవచ్చు, ఆ ఆగడం నీదాకా రాదు.

ఇక్కడ అన్నీ మామూలే. ఈ వాక్యం రాసి మళ్ళీ చదువుకుంటే అబద్ధంలా ఉంది. కొట్టేద్దామంటే దాని బదులు ఏం రాయాలో తెలియలేదు, అందుకని ఉంచేశాను. కాలేజీలో తర్కం పాఠం నడుస్తోంది. ఇది నిజమైతే అది నిజం కాక తప్పదు అని బోర్డు మీద రాస్తాను. రాసి ఇటు తిరిగేసరికి నాకే నమ్మకం పోతుంది. పిల్లలు మాత్రం బుద్ధిగా రాసుకుంటారు. మీ బావగారు నీళ్ళ ఆఫీసుకి వెళ్ళొస్తున్నారు. ఏ వీధికి ఎప్పుడు నీళ్ళు వదలాలో చూసి, ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చుని పేపరు విప్పుతారు. పేజీ తిప్పరు. మార్చిలో మరిది పోయిన దగ్గర్నుంచి ఈయన నోట తమ్ముడి ఊసు రాలేదు. ఏడవనూ లేదు. నేను మాత్రం ఏం ఏడ్చాను గనక. పళ్ళ డాక్టరు సూది వేశాక దవడ ఉంటుందే, అలా ఉంది ఇల్లంతా. నాలుక కొరుక్కున్నా తెలిసేలా లేదు.

నువ్వు జూన్‌లో ఆ ఊరు వెళ్ళిపోయాక, నలుగురం తిరిగిన వంటింట్లో నేనొక్కదాన్నే తిరుగుతున్నాను. చలి మొదలవుతోంది. నువ్వు పండ్ల పుడింగ్ ఆవిరికి పెట్టే రోజులు. పెళ్ళయి వచ్చిన ఏడాది నుంచి ఒక్క ఏడూ మానలేదు నువ్వు. అదంటే మరిదికి ప్రాణం కదా. తమ్ముడు తినేది ఏదో ఒకటి ఇంట్లో ఉడికితే మీ బావగారిలో కాస్త చలనం వస్తుందేమోనని నాకు ఆశ. ఆశో, పిచ్చో. కొత్త ఉద్యోగంలో ఉన్నదానివి, నిన్ను శ్రమ పెట్టడం ఎందుకు, నేనే చేసుకుంటాను. ఎలా చేయాలో రాయి. నాకు వంట పుస్తకాల భాష ఎక్కదు. పక్కన నిలబడి చెప్తున్నట్టు రాయి.

అన్నట్టు, మీ వెనక గది సర్దించాను. బీరువా ఖాళీ చేయించి, గోడలకి రంగు వేయించాను. ఇప్పుడు వెలుతురు బాగా వస్తోంది.

నీ
అక్క


అక్టోబరు 12

అక్కా,

మీ ఉత్తరం అందింది. అడిగారు కాబట్టి రాస్తున్నాను.

ఎండుద్రాక్ష, ఖర్జూరం, చక్కెర పట్టించిన నారింజ తొక్క, అన్నీ సన్నగా తరిగి ముందురోజే చిక్కటి టీ డికాషన్‌లో నానబెట్టండి. మర్నాటికి ద్రాక్షలు అలిగిన పిల్లల బుగ్గల్లా ఉబ్బుతాయి. వెన్నా చక్కెరా తెల్లబడేదాకా గిలక్కొట్టి గుడ్లు కలపండి. తర్వాత మైదా, ఎండిన బ్రెడ్ పొడి, దాల్చినచెక్క పొడి, కాస్త జాజికాయ. కాస్తంటే గోటితో గీకినంత. కొంచెం చక్కెర నల్లగా మాడ్చి నీళ్ళు చిలకరించి ఆ పాకం పోస్తే రంగు వస్తుంది. పిండి గరిటె మీంచి జారకూడదు, దబ్బున పడాలి. గిన్నెకి వెన్న రాసి పిండి నింపి, పైన వెన్నకాగితం కప్పి, అంచు చుట్టూ పురికొసతో బిగించి కట్టండి. పెద్ద డేగిసా అడుగున సాసరు బోర్లించి దాని మీద గిన్నె నిలపండి. గిన్నెకి సగం దాకా మరుగుతున్న నీళ్ళు పోసి, మూత పెట్టి, సన్న సెగ మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉంచాలి. నీళ్ళు పోయడానికి తప్ప మూత తీయకండి. చల్లారాక కాగితం మార్చి అలమరలో పెట్టేయండి. తినే రోజున మళ్ళీ ఆవిరి పెట్టాలి. రెండో ఆవిరి తర్వాతే దానికి రుచి.

ఇక్కడ పని బాగానే ఉంది. కళ్ళద్దాల షాపు వెనక చీకటి గదిలో కళ్ళు పరీక్ష చేస్తాను. అద్దాలు మారుస్తూ రోజంతా ఒకటే ప్రశ్న. ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా? రెండూ ఒకేలా ఉన్నాయమ్మా అనేవాళ్ళు కొందరుంటారు. షాపు ఓనరుకి వాళ్ళంటే విసుగు. నాకు వాళ్ళు బాగా అర్థమవుతారు.

గిన్నె అటక మీద ఉంది, నీలం అంచుది. అది ఇంక మీ దగ్గరే ఉంచుకోండి. గది సర్దించారని రాశారు. మంచిది.

చిన్ని


అక్టోబరు 20

చిన్నీ,

పుడింగ్ మాడిపోయింది. మాడిందంటే మామూలుగా కాదు. డేగిసాలో నీళ్ళు ఎప్పుడు ఇంకిపోయాయో తెలియలేదు. సాసరు పగిలి రెండు ముక్కలైంది. గిన్నె అడుగు నల్లబడింది, నీలం అంచు మాత్రం బతికి బయటపడింది. మూత తీయకండి అని రాశావు, నీళ్ళు పోయడానికి తీయమనీ రాశావు. ఎప్పుడు పోయాలో మూత తీయకుండా ఎలా తెలుస్తుంది అని ఆలోచిస్తూ కూర్చున్నాను. నా సంగతి తెలుసుగా. ఆలోచన తెమిలేలోపు పొయ్యి మీద పని అయిపోయింది.

మేడ మీది టైలరమ్మ చెప్పులు కూడా లేకుండా దిగొచ్చింది. "ఏంటి మేడమ్, ఇల్లు తగలబెడుతున్నారా? ముందే ఒక మాటంటే నేను కుట్టాల్సిన గుడ్డలన్నీ సర్దుకునేదాన్ని కదా" అంది. పుడింగ్ అని చెప్పాను. "మీ చిన్నామె చేసేదే కదా. ఆమె చేస్తుంటే మాకు వాసన వచ్చేది, కంపు రాలేదు" అని కిటికీలు తెరిచి వెళ్ళింది.

మీ బావగారు కుర్చీలోంచి లేచి వంటింటి గుమ్మం దాకా వచ్చారు. అంత దూరం రావడమే గొప్ప. డేగిసాలోకి తొంగిచూసి, "నీళ్ళు అయిపోయాయి" అన్నారు. నీళ్ళ ఆఫీసు మనిషి కదా, ఆ మాత్రం కనిపెట్టారు. మళ్ళీ వెళ్ళి కూర్చున్నారు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పద్ధతి అంతా బాగా రాశావు. 'మీ దగ్గరే ఉంచుకోండి' దగ్గర ఆగాను. గిన్నె వదులుకోవడం నీకు తేలికగా ఉందా, లేక మా మీద కోపమా, లేక వట్టి గిన్నె మాటేనా? నువ్వు వట్టి గిన్నె గురించే రాసి ఉంటావు. అంత చిన్న వాక్యంలోంచి ఇంత పెద్ద అనుమానం లాగడం నా చదువు నాకిచ్చిన జబ్బు.

సంవత్సరాఖరున మీ షాపుకి సెలవులుంటాయా? వీలైతే రా. రాకపోయినా మేమేమీ అనుకోం, నీ మీద ఏ బలవంతమూ లేదు. నీ ఇష్టం.

అక్క


అక్టోబరు 29

అక్కా,

గోళీ వేయలేదా?

డేగిసా అడుగున, సాసరు పక్కన ఒక గాజు గోళీ వేయాలి. నీళ్ళు మరుగుతున్నంతసేపూ అది టకటకమంటూ కొట్టుకుంటుంది. ఆ చప్పుడు ఆగిందంటే నీళ్ళు తగ్గినట్టు. అప్పుడు మూత కాస్త పక్కకి జరిపి కాగుతున్న నీళ్ళు పోయాలి. చన్నీళ్ళు పోస్తే గిన్నె పగులుతుంది. ఇన్నేళ్ళూ ఆ చప్పుడు ఇంట్లో అందరికీ వినిపించింది కదా, మీకు తెలుసనుకున్నాను. కాగితానికి మధ్యలో ఒక మడత కూడా పెట్టండి. పిండి పొంగితే చోటు కావాలి.

సెలవుల సంగతి అడిగారు. ఆ రోజుల్లోనే అందరూ కళ్ళద్దాలు మార్చుకుంటారట. కుదరకపోవచ్చు. మీరన్నట్టు బలవంతం లేదు కాబట్టి ఇబ్బంది లేదు.

నేనుండేది ఒక గది. ఒకే పొయ్యి. పొద్దున అన్నం వండితే రాత్రికి కూడా అదే. ఒక్కదాన్నే కాబట్టి గిన్నెలు తక్కువ పడతాయి. ఇంటి ఓనరు పెద్దావిడ, చెవులు సరిగ్గా వినపడవు. నేను ఏం చెప్పినా "అవునవును" అంటుంది. మొన్న "మా ఆయన పోయాడండీ" అని చెప్పాను. "అవునవును, వస్తాడు" అంది. నేను సరిదిద్దలేదు.

వెనక గది ఎవరికైనా ఇచ్చారా?

చిన్ని


నవంబరు 6

చిన్నీ,

గోళీ దొరికింది. ఎక్కడనుకున్నావు, నీ గిన్నె ఉన్న అటక మీదే, చిన్న గుడ్డ మూటలో. చలికాలం వస్తే వంటింట్లో వినబడే ఆ టకటక పొయ్యిది అనుకున్నాను ఇన్నేళ్ళూ. మన పొయ్యి కొంచెం వాగుడుకాయ అనుకునేదాన్ని. పక్కన నిలబడి కూడా మనం ఎంత తక్కువ చూస్తామో అని పాఠం చెప్పే మనిషిని, నా వంటింట్లో నేను ఇంతే చూశాను.

ఈసారి ఉడికింది. నాకు ఒంటిగంట దాకా క్లాసులున్నాయి, అందుకని మీ బావగారి చేత సెలవు పెట్టించాను. "మీరేమీ చేయక్కర్లేదు, చప్పుడు వినండి. ఆగితే కెటిల్లోని నీళ్ళు పోయండి" అన్నాను. "ఎంత పోయాలి?" అన్నారు. "మళ్ళీ చప్పుడు వచ్చేదాకా." తిరిగొచ్చేసరికి కుర్చీ వంటింట్లోకి తెచ్చుకుని డేగిసా ముందు కూర్చుని ఉన్నారు. పేపరు లేదు. నన్ను చూసి వేలు పెదవి మీద పెట్టుకున్నారు, మాట్లాడొద్దని. గోళీ చప్పుడు వినపడదని కాబోలు.

తీస్తే ఒక పక్కకి ఒరిగి ఉంది. మడత సరిగ్గా రాలేదు నాకు. కోస్తే లోపల నల్లగా, తడిగా బాగానే ఉంది. రెండో ఆవిరి దాకా ఆగాలని తెలుసు, అయినా ఒక ముక్క కోసి మీ బావగారికి పెట్టాను. నెమ్మదిగా తిన్నారు, మొత్తం. బాగుందా అంటే, "ఊఁ" అన్నారు. ఆ ఊఁలో ఏముందో నాకు దొరకలేదు. ఒక ముక్క డబ్బాలో పెట్టి నీకు పంపిస్తున్నాను. ఎక్కడ తప్పిందో చెప్పు.

ఒకటి అడగనా? గోళీ సంగతి మొదటి ఉత్తరంలో ఎందుకు రాయలేదు? మర్చిపోయి ఉంటావు. అడగకూడదనుకుంటూనే అడిగాను. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, కావాలనే దాచుకున్నావేమో అనిపించింది. దాచుకున్నా నాకు కోపం లేదు.

గది ఎవరికి ఇస్తాం? ఖాళీగానే ఉంది.

అక్క


నవంబరు 15

అక్కా,

డబ్బా అందింది. ముక్క తిన్నాను. నా పుడింగ్‌లాగే ఉంది. తప్పేమీ లేదు.

మీరు అడిగారు కాబట్టి నేనూ అడుగుతాను. పద్ధతి రాయమన్నారు, రాశాను. నిన్ను శ్రమ పెట్టడం ఎందుకు, నేనే చేసుకుంటాను అన్నారు. గిన్నె ఇచ్చాను. గోళీ ఇచ్చాను. బీరువా ఖాళీ చేయించారు, గోడల రంగు మార్పించారు. ఆ వంటింట్లో నాదంటూ ఉన్నది ఆ పుడింగ్ ఒక్కటే. మిగతావన్నీ మీవి, పప్పు డబ్బా ఎక్కడుండాలో కూడా మీ లెక్కే. నేనెప్పుడూ దానికి బాధపడలేదు. ఆ ఒక్కటి కూడా మీ చేతికి వచ్చేశాక, ఇంక నేను అక్కడికి ఏ పని మీద రావాలి? దాచుకున్నావేమో అన్నారు. దాచుకుని ఉంటే బాగుండేదేమో.

రా అని మీరు ఒక్కసారి రాశారు. వెంటనే రాకపోయినా ఏమీ అనుకోం అని రాశారు. షాపులో నేను రోజూ అడిగేది అదే కదా. ఇది బాగుందా, అది బాగుందా అని అద్దాలు అటూ ఇటూ వేస్తుంటే, చివరికి మనిషికి ఏదీ స్పష్టంగా కనపడదు.

ఇంకోటి. బావగారి కోసమని చేస్తున్నారు కాబట్టి చెప్పాలి. మీ మరిదికి ఆ పుడింగ్ ఇష్టం లేదు. ఎప్పుడూ లేదు. ఎండుద్రాక్ష పంటికింద పడితే ఆయనకి వికారం. మీరు అటు తిరగ్గానే ద్రాక్షలన్నీ ఏరి బావగారి పళ్ళెంలో వేసేవారు.

కోపంతో రాయడం లేదు. కోపం కూడా రావడం లేదు. ఉన్నది రాశాను.

చిన్ని


నవంబరు 23

చిన్నీ,

నీ ఉత్తరం కాలేజీ స్టాఫ్ రూమ్‌లో చదివాను. చదివి మడిచి, తర్వాతి క్లాసుకి వెళ్ళి పాఠం చెప్పాను. బాగానే చెప్పానట. సాయంత్రం ఇంటికి నడుస్తుంటే సంచీ బరువుగా ఉందనిపించి చూస్తే, డస్టర్ కూడా తెచ్చేసుకున్నాను.

ముందు గది సంగతి. ఖాళీ చేయించింది బీరువాలో నా పాత పుస్తకాలూ, మీ బావగారి ఫైళ్ళూ. నీ బట్టలు పెట్టుకోవడానికి చోటు ఉండాలని. గోడల మీద పాత రంగు చూస్తూ నువ్వు ఆ గదిలో ఎలా పడుకుంటావు అని రంగు మార్పించాను. ఈ మాట అప్పుడే రాయొచ్చు. రాస్తే 'రా' అని ఒత్తిడి చేసినట్టుంటుందేమో అని, వెలుతురు బాగా వస్తోంది అని ఊరుకున్నాను. నీ మీద ఏ బరువూ పడకూడదని వాక్యాల్లోంచి బరువంతా తీసేస్తూ పోయాను. చివరికి వాటిలో నేనే లేకుండా పోయాను.

పద్ధతి అడిగింది పుడింగ్ కోసం కాదు. కాదనీ చెప్పలేను, మీ బావగారి మీద ఆశ నిజమే. కానీ అడగడానికి ఏదో ఒకటి ఉంటే నువ్వు జవాబు రాస్తావు. అది ముఖ్యం నాకు.

ఇప్పుడు అసలు విషయం. రాత్రి భోజనాల దగ్గర మీ బావగారితో అన్నాను.

"తమ్ముడికి ఆ పుడింగ్ ఇష్టం లేదట."

"ఏ పుడింగ్?"

"చిన్ని చేసేది. ద్రాక్షలు ఏరి మీ పళ్ళెంలో వేసేవాడట."

"వేసేవాడు. నాకు తెలుసు." అన్నంలో చారు పోసుకున్నారు. "వాడికి ప్రాణమైనది వాడు తినకుండా నాకు పెడుతున్నాడనుకున్నాను."

"మీకిష్టమేగా మరి."

"నాకా? నాకు గొంతుకి అడ్డం పడేది. అంత ప్రేమగా పెడుతుంటే వద్దంటే బాగుంటుందా? నీళ్ళు తాగి మింగేవాణ్ణి."

"మరి మొన్న మొత్తం తిన్నారు."

"నువ్వు అంత కష్టపడి చేస్తివి." ఆగి, "నీకిష్టం కదా?" అన్నారు.

"జాజికాయ నాకు పడదు. మీ అన్నదమ్ములిద్దరూ లొట్టలేస్తుంటే నేనేం చెప్పను?"

ఆయన పళ్ళెం పక్కకి జరిపారు. "వెధవ" అన్నారు. "ఎన్నేళ్ళు నటించాడే వెధవ. వచ్చి పడ్డ ద్రాక్షలన్నీ నేను మింగాను." అని తువ్వాలు తీసుకుని మొహానికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. నవ్వో, రెండోదో నేను అడగలేదు.  నేను పళ్ళేలు తీసేశాను. తమ్ముడి గురించి ఆయన నోరు విప్పడం అదే మొదటిసారి. మార్చి నుంచి దాని కోసం కాచుకుని ఉన్నాను, తీరా వచ్చాక నాకేమీ అనిపించలేదు. గిన్నెలు తోముకున్నాను. తోముతుంటే వేళ్ళకి నీళ్ళు చల్లగా తగిలాయి, అంతే.

చిన్నీ, మనల్ని లోకం తోడికోడళ్ళు అంటుంది. ఇద్దరు అన్నదమ్ముల వల్ల వచ్చిన చుట్టరికం. వాళ్ళలో ఒకరు లేకపోతే ఆ మాట నిలబడుతుందా, పడిపోతుందా? పాఠంలో అయితే సులువుగా తేల్చేస్తాను. ఇక్కడ నాకు తేలలేదు. నువ్వేమనుకుంటున్నావో తెలుసుకోవాలని ఉంది, అదీ నాకు నచ్చే జవాబే రావాలని ఉంది.

ఈసారి వెనక ఏమీ తగిలించకుండా రాస్తున్నాను. రా.

అక్క

తా.క. ఇంట్లో ఎవరికీ ఇష్టం లేకపోతే ఇన్నేళ్ళూ అది ఎవరి కోసం చేశావు?


డిసెంబరు 1

అక్కా,

నా కోసం.

చదువుకునేటప్పుడు హాస్టల్లో వార్డెన్ చేసేది. ఆదివారం మధ్యాహ్నం మెట్ల దాకా ఆ వాసన. ఎవరూ లేనిచోట ఎవరో నా కోసం ఏదో చేస్తున్నట్టు ఉండేది. చేయడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. పెళ్ళయి వచ్చాక నాకు తినాలనిపించింది. కొత్తకోడలు నాకోసమని చెప్పి, పొయ్యి ఒక పూటంతా పట్టుకుని కూర్చుంటే ఏం బాగుంటుంది? ఆయనకి ఇష్టమని చెప్పాను. ఆ మాట చెప్తే ఏ వంటింట్లోనైనా పొయ్యి దొరుకుతుంది. మీరు వెంటనే పక్కకి జరిగి చోటిచ్చారు. ఆయన అక్కడే ఉన్నారు. నా వైపు చూశారు. ఒక్క క్షణం ఆగి, "అవును వదినా, నాకు ప్రాణం" అన్నారు. అంతే. ఆ ఒక్క మాటకి ఏడాదికోసారి ద్రాక్షల శిక్ష. గదిలోకి వచ్చాక, "నీకు ఇంకేమైనా ఇష్టాలుంటే ముందే చెప్పు, నా కడుపుకి కొంచెం వ్యవధి కావాలి" అనేవారు.

బావగారు ఇష్టంగా తింటున్నారనుకున్నాను. మీరూ. ఒక్కోసారి మీకు రెండో ముక్క కూడా వేశాను. క్షమించాలి.

మీ తోడికోడళ్ళ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. కానీ వెనక ఏమీ తగిలించకుండా రాశారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. నేను ఆ ఇంటికి రాలేను. గది రంగు మార్చినా స్నానాల గది తలుపు అదే కదా. మార్చిలో ఆ రోజు, ఆయన లోపల ఉండగా, మనం దాన్ని ఎంతసేపు కొట్టామో నాకు గుర్తులేదు, కొడుతున్నప్పుడు మీ గాజు ఒకటి పగిలి కింద పడింది, అది గుర్తుంది. మీరంటే కోపం లేదు. ఆ తలుపుకి ఎదురుగా నిలబడలేను. ఎప్పటికి నిలబడగలనో తెలియదు.

ఇక్కడ పుడింగ్ చేయాలని ఒకసారి ద్రాక్ష కొన్నాను. నానబెట్టలేదు. ఒక్కదాని కోసం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పొయ్యి వెలిగించి కూర్చోవాలంటే, ఎవరికో ఇష్టమని చెప్పాలి. చెప్పడానికి ఇక్కడ ఎవరూ లేరు.

చిన్ని


డిసెంబరు 9

చిన్నీ,

నీ ఉత్తరం మీ బావగారికి చదివి వినిపించాను. తలుపు సంగతి కూడా. ఆయన వెళ్ళి స్నానాల గది ముందు కాసేపు నిలబడి వచ్చారు. తలుపు మార్పిద్దామా అన్నారు. వద్దన్నాను. తలుపు మార్పించి, ఇంక రావచ్చుగా అని నీకు రాస్తే, అది రంగు వేయించినట్టే అవుతుంది. రంగుతో ఒకసారి చేసిన తప్పు చాలు. నువ్వు రాలేనన్నావు. రాలేవు. నాకు అర్థమైంది. పూర్తిగా అర్థమైందో లేదో, ఈ ఇంట్లోనే ఉంటూ రోజూ ఆ తలుపు తీసి స్నానం చేస్తున్న మనిషిని, నాకేం అర్థమవుతుంది.

నిన్న ఇంకో పుడింగ్ చేశాం. ఇది ఎవరికీ ఇష్టం లేదని తెలిసి చేసింది కాబట్టి పని తొందరగా తెమిలింది. మీ బావగారు ద్రాక్షలు తరుగుతూ ప్రతి ఒక్కదాన్నీ తిట్టారు. మరిదిని కూడా తిట్టారు, ఈసారి పేరు పెట్టి. మడత నేను పెట్టలేకపోతుంటే టైలరమ్మని పిలిచాం. "దీనికా ఇంత గొడవ, జాకెట్ చేతికి కుచ్చు పెట్టినట్టే కదా" అని ఒక్క నిమిషంలో పెట్టి, పురికొస ముడి కూడా తనే వేసి వెళ్ళింది. నిటారుగా పొంగింది. కాగితం మార్చి అలమరలో పెట్టాను.

ఇది నీ పుడింగ్. టైలరమ్మ అడిగితే అదే చెప్పాను. "ఎవరికమ్మా ఇంత పెద్దది?" అంది. "చిన్నికి ఇష్టం" అన్నాను. ఇన్నేళ్ళలో ఆ వాక్యం నేను అనడం అదే మొదటిసారి. అని చూశాక, అనడానికి ఏమీ కష్టంగా లేదు.

దీన్ని ఏం చేయమంటావో చెప్పు. బస్సులో పంపితే దారిలో నలిగిపోతుంది. పైగా రెండో ఆవిరి తర్వాతే రుచి అని నువ్వే రాశావు, నీ గదిలో అంత పెద్ద పాత్ర ఉందో లేదో. నేనేమీ సలహా ఇవ్వను. నువ్వు ఎలా అంటే అలా.

ఇదిగో, మళ్ళీ నీ ఇష్టానికే వదిలేశాను. ఈ అలవాటు ఒక్కరోజులో పోయేలా లేదు. నిన్ను చూడాలని ఉంది.

అక్క


డిసెంబరు 16

అక్కా,

దాన్ని పంపకండి. మీరిద్దరూ తీసుకురండి.

ఆదివారం షాపు లేదు. పొద్దున మొదటి బస్సు ఎక్కితే పదింటికల్లా ఇక్కడుంటారు. డేగిసా కూడా తెచ్చుకోండి, నా దగ్గరున్న వాటిలో ఆ గిన్నె పట్టదు. పళ్ళేలు రెండే ఉన్నాయి. ఒకటి ఓనరమ్మని అడిగాను. "ఎవరొస్తున్నారు?" అని గట్టిగా అడిగింది. నేనూ గట్టిగానే చెప్పాల్సి వచ్చింది, వీధిలో అందరికీ వినపడేలా. మావాళ్ళు అన్నాను. "అవునవును" అంది. ఈసారి సరిగ్గానే విన్నట్టుంది, పళ్ళెంతో పాటు ఒక చాప కూడా ఇచ్చింది.

మీరు పుడింగ్ తినక్కర్లేదు. మీకు అన్నం, కూర వండుతాను. మీ ఎదురుగా కూర్చుని అది నేనొక్కదాన్నే తింటాను. చూస్తూ కూర్చోవడం మీకు కొంచెం వింతగా ఉంటుందేమో. నాకూ ఉంటుంది.

నా గది మూడో అంతస్తులో. మెట్లు ఇరుకు, పట్టుకోవడానికి గోడ తప్ప ఏమీ లేదు. బావగారి మోకాళ్ళు ఇప్పుడెలా ఉన్నాయో మీరు ఏ ఉత్తరంలోనూ రాయలేదు. ఎక్కలేనంటే చెప్పమనండి. పొయ్యి నేనే కిందికి తెచ్చి, మెట్ల దగ్గర పెడతాను.

చిన్ని